పక్కవాద్యం

"నాకు వయొలిన్ వద్దమ్మా... వయోలా కావాలి!"

వర్షిత మాటకు వసుంధర చేతిలోని గరిటె జారి సాంబారులో పడింది. కూతురు ఏ వాద్యం నేర్చుకుంటుందో రేపే స్కూల్లో చెప్పాలి. అల్మారాలో పట్టుగుడ్డ చుట్టి దాచిన వయొలిన్ తన తల్లి బాలనాగమ్మది! రాజమండ్రిలో తను పాడుతుంటే అమ్మ పక్కన కూర్చుని వాయించేది. ఆ అమ్మ పోయింది. ఆ తర్వాత థైరాయిడ్ ఆపరేషన్‌తో తన పాటా పోయింది! మాట మిగిలింది గానీ, అది లోతుగా, బొంగురుగా, ఎవరి గొంతో అరువు తెచ్చుకున్నట్టు... అప్పటి నుంచి వసుంధర కూనిరాగమైనా తీసి ఎరగదు. ఇంట్లో మళ్ళీ సంగీతమంటూ వినిపిస్తే ఆ వయొలిన్ మీదే వినిపించాలని ఎంత ఆశపడిందో ఆమె మనసుకే తెలుసు!

"అమ్మమ్మ వయొలిన్ ఉండగా, అలాగే ఉండే ఆ పెద్ద వయోలా ఎందుకే? స్కూల్ ఆర్కెస్ట్రాలో దానికి పోటీ తక్కువనేగా? ఒళ్ళు వంచడం ఇష్టం లేకేగా?"

"నాట్ లైక్ దట్ లా, అమ్మా!" అంది వర్షిత, ఈ దేశపు పిల్లల యాసలో.

"మరెలా? మా అమ్మంటే నీకు లెక్కలేదు, అంతే!"

పిల్ల కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన పార్థసారథి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వసూ, దాన్ని చెప్పనివ్వు" అన్నాడు భార్యతో.

వర్షిత వెక్కుతూ చెప్పింది. "ఐ ట్రైడ్, అమ్మా. నువ్వు మార్కెట్‌కి వెళ్ళినప్పుడు అమ్మమ్మ వయొలిన్ తీశా. నీ ఇప్పటి వాయిస్‌కి తీగలు దించితే లూజైపోయి గరగరమంటున్నాయి. పాడేవాళ్ళ శ్రుతికే పక్కవాద్యం కలపాలని నువ్వే చెప్పావుగా! స్కూల్లో వయోలా పట్టుకుని చూశా. కింద శ్రుతి చక్కగా పలుకుతోంది. నువ్వు పాడితే నేను పక్కన కూర్చుని..."

వసుంధర స్టవ్ కట్టేసి కూతురి దగ్గరికి వచ్చింది. ఎంత మాట అంది తను! తన గొంతు పోయిందని అందరూ నమ్మారు. తనూ నమ్మింది. ఈ పసిది మాత్రం ఆ బొంగురు గొంతుకే జోడు వెతికిందా...!

"ఈ గొంతుతో నేను పాడలేనే తల్లీ..."

"ఎంత వస్తే అంతే, అమ్మా."

ఆ రాత్రి వయోలాకే సరేనని, తల్లి వయొలిన్‌కి దణ్ణం పెట్టుకుని, అల్మారా తలుపు మూసేసింది వసుంధర.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం, హాల్లో చాప వేసుకుని కూతురి పక్కన కూర్చుంది. వయోలా మీద షడ్జం పలికింది. స... రి... గ... మ... పంచమం దాటేసరికి గొంతు తెగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. ఇక ఎప్పటికీ రాదు! ఆ నిజం ఆమెకు ఆ క్షణాన పూర్తిగా తెలిసిపోయింది.

పై స్వరాలన్నీ వర్షితకు వచ్చు. అయినా అమ్మ ఆగినచోటే కమాను ఆపేసి, ఆమె ముఖంకేసి చూస్తూ ఎదురుచూసింది.

కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వసుంధర మళ్ళీ షడ్జం అందుకుంది.