లైన్ బాక్స్ అంటే ఏమిటి

ప్రతాప్ సందుగ కొనడానికి బిలాస్‌పూర్‌లోని తెలిపారా బజారుకి వచ్చాడు. వాన పడుతోంది. రగ్గులు దాచుకోవడానికి వాళ్లమ్మ ఆండాళ్ సందుగ తెమ్మంది. ఫోన్‌లో వెతికితే ఊళ్లో అమ్మేవాళ్లెవరూ కనిపించలేదు. సందులో తడుస్తూ నడుస్తుంటే ఒక బోర్డు కనిపించింది. బంగార్రాజు అండ్ డాటర్ అని రాసి ఉంది. పేరు చూసి తెలుగువాళ్లనుకుని లోపలికి వెళ్లాడు.

కౌంటర్ దగ్గర ఆ డాటర్ కూర్చుని ఉంది. పేరు భానుప్రియ.

"సందుగ ఉన్నదాండీ?"

"ఏటి?"

ప్రతాప్ వాళ్లది కరీంనగర్. తండ్రి బ్యాంకు బదిలీ మీద వచ్చి ఊరి శివారు ఉస్లాపూర్‌లో ఉంటున్నారు. ఏటి అంటే అతనికి తెలిసింది ఏటి ఒడ్డు మాత్రమే. ఆమె వెనక గోడ పక్కన పేర్చి ఉన్నవాటిని చూపించాడు.

"అగో, అవి. మా దిక్కు సందుగ అంటరు."

"అవి లైన్ బాక్సులు" అంది భానుప్రియ.

రైలు డ్రైవర్లూ గార్డులూ డ్యూటీకి పట్టుకెళ్లే ఇనపరేకు పెట్టెని లైన్ బాక్స్ అంటారు. జెండాలు, చేతి దీపం, రూల్ పుస్తకాలు అందులో ఉంటాయి. మూత మీద మనిషి పేరు, హోదా, హెడ్‌క్వార్టర్ పెయింటుతో రాస్తారు. భానుప్రియ తాత గార్డుగా చేశాడు. రిటైరయ్యాక ఊరి పక్కన తిఫ్రాలో షెడ్డు వేసి లైన్ బాక్సులు చేయించాడు. ఆయన తర్వాత కొడుకు బంగార్రాజు నడుపుతున్నాడు. తర్వాత ట్రాలీ బ్యాగులు వచ్చాయి, ఆర్డర్లు తగ్గాయి. ట్రాన్స్‌పోర్ట్ నడిపే గిరిబాబు గోడౌన్ కోసం ఆ షెడ్డు అడుగుతున్నాడు. దసరాకి ఇచ్చేస్తానని బంగార్రాజు అన్నాడు. ఈలోగా బయటి ఊళ్ల నుంచి ఆర్డర్లు తెప్పిస్తే ఇవ్వనని కూతురికి మాటిచ్చాడు. అందుకే భానుప్రియ వీడియోలు చూసి, తనే ఒక వెబ్‌సైట్ తయారుచేసింది.

ఇవేవీ ప్రతాప్‌కి తెలియవు. మీ దుకాణం ఫోన్‌లో లేదండీ అన్నాడు. ఉంది, వెబ్‌సైట్ కూడా ఉంది అని ఆమె అడ్రస్ చెప్పింది. అతను తెరిచి చూసి నవ్వాడు.

"మీ దుకాణం పేరు 'హోమ్' అని ఉన్నది."

"అది మొదటి పేజీ. హోమ్ అనక ఏటంటారు?"

వెబ్‌సైట్లు బాగుచేయడమే తన పని అని ప్రతాప్ చెప్పాడు. పేజీకి పెట్టిన టైటిలే సెర్చ్‌లో పైన కనిపిస్తుందని, హోమ్ అని పెడితే మీరు ఇళ్లు అమ్ముతున్నారో ఇనుము అమ్ముతున్నారో ఎవరికీ తెలియదని అన్నాడు.

"మీరు నవ్వడానికొచ్చారా, లైన్ బాక్స్ కొనడానికొచ్చారా?"

ప్రతాప్ కొన్నాడు. గొడుగు లేదు కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకుని ఆటో దాకా వెళ్లాడు. రేకు మీద వాన చప్పుడు సందు చివరి వరకూ వినిపించింది. అప్పటి వరకూ భానుప్రియ గుమ్మంలోనే ఉంది.

మర్నాడు మళ్లీ వచ్చాడు. సందుగ గడియ బాగా పడుతోందని చెప్పడానికి వచ్చానన్నాడు. అది చెప్పడానికి ఉస్లాపూర్ నుంచి రానక్కర్లేదని భానుప్రియకి తెలుసు. కుర్చీ చూపించి, నిన్న దేనికి నవ్వారో అది నేర్పండి అంది.

అతను నేర్పాడు. ప్రతి పేజీకీ విడిగా టైటిల్ ఉండాలి, అందులో వస్తువు పేరూ ఊరి పేరూ రావాలి. ఒక పేజీలో ఒక సంగతే చెప్పాలి, ఒకే మాట మళ్లీ మళ్లీ నింపకూడదు. టైటిల్ కింద ఆ పేజీలో ఏముందో రెండు వాక్యాల్లో రాసిపెట్టాలి, సెర్చ్‌లో మనిషి అది చదివే లోపలికి వస్తాడు. ఫొటోలను కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలేయకూడదు. ఫొటోలో ఏముందో మాటల్లో రాయాలి, ఎందుకంటే సెర్చ్ మాటలనే నమ్ముకుంటుంది. ఫొటో బరువు తగ్గించాలి, లేకపోతే సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకునే లోపే మనిషి వెళ్లిపోతాడు.

భానుప్రియ చెప్పింది చెప్పినట్టు చేసేది. తిఫ్రా షెడ్డులో తీసిన ఒక ఫొటో దగ్గర ఆగింది.

"ఇందులో నాన్న ఉన్నారు, బాక్స్ ఉంది, వెనక మీరున్నారు. మిమ్మల్ని ఏటని రాయాలి?"

"కస్టమర్ అని రాయండి."

"ఒక్క సందుగ కొంటే కస్టమరైపోతారా?"

కాసేపటికి ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది. ఫొటోలో బాక్స్‌తో బంగార్రాజు ఒక్కడే ఉన్నాడు.

"మిమ్మల్ని కత్తిరించేశాను. బరువు తగ్గింది."

లోపలి గదిలో కూర్చున్న నాయనమ్మ అప్పయమ్మకి ఈ మాట వినిపించి నవ్వొచ్చింది.

ఫోన్లు రావడం మొదలైంది. వచ్చినవన్నీ ఎలక్ట్రీషియన్ల నుంచే. లైన్ బాక్స్ అంటే కరెంటు తీగలు కలిపే డబ్బా అనుకుని అడుగుతున్నారు. ప్రతాప్ సెర్చ్ లెక్కలు చూసి, రైల్వే కాలనీ దాటితే ఆ మాట ఎవరికీ తెలియదన్నాడు. ఛత్తీస్‌గఢ్‌లో జనం పేటీ అని వెతుకుతారు, సందూక్ అని వెతుకుతారు, స్టీల్ ట్రంక్ అని వెతుకుతారు. లైన్ బాక్స్ అన్న మాట తీసేద్దామన్నాడు.

భానుప్రియ ఒప్పుకోలేదు. పేటీలో బియ్యం పోస్తారంది. తాత డ్యూటీకెళ్తే లైన్ బాక్స్‌తో వెళ్లాడు, ఇంటికొస్తే లైన్ బాక్స్‌తో వచ్చాడంది.

దసరా దగ్గర పడుతోంది. ఆమె షెడ్డు పోతుందన్న తొందరలో ప్రతాప్ అడక్కుండా పని చేశాడు. ఇంట్లో కూర్చుని ప్రతి పేజీలోనూ లైన్ బాక్స్ తీసేసి పేటీ, సందూక్, ట్రంక్ అని నింపాడు. ఒక్కో పేరాలో అవే మాటలు మళ్లీ మళ్లీ వచ్చాయి. అలా చేయకూడదని ఆమెకి నేర్పినవాడు అతనే.

మర్నాడు భానుప్రియ అది చూసింది. ప్రతాప్ వచ్చేసరికి ఆమె వెబ్‌సైట్ పాస్‌వర్డ్ మార్చేసి ఉంది.

"సగం పేటీలే ఉన్నాయి ఇందులో. మా దుకాణం ఎక్కడుంది?"

"సెర్చ్‌లో రావాలంటే..."

"రానీయండి, పోనీయండి. మా తాత పెట్టిన పేరు మీరెందుకు తీసేశారు? నన్నడగాలి కదా."

తప్పు తనదేనని ప్రతాప్ చెప్పాడు. ఆమె కౌంటర్ మీద రసీదులు సర్దుకుంటూ తలెత్తలేదు. అతను వెళ్లిపోయాడు. మర్నాడు గడియ గురించి చెప్పడానికి ఎవరూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

"ఆ బావు రావట్లేదేటే?" అని అప్పయమ్మ అడిగింది.

"నాకేటి తెలుసు మామ్మా" అంది భానుప్రియ.

పేజీలన్నీ మళ్లీ పాతవి పెట్టింది. ఎలక్ట్రీషియన్లు మళ్లీ ఫోన్ చేశారు. కోర్బా నుంచి ఒకతను లైన్ బాక్స్ ఎన్ని వైర్లు పడుతుందని హిందీలో అడిగాడు. ఇంతకుముందైతే రాంగ్ నంబర్ అని పెట్టేసేది. ఆ రోజు పెట్టలేదు. ఇది కరెంటుది కాదు భయ్యా అని, ఎవరు మోస్తారో, లోపల ఏం పెడతారో, మూత మీద పేరు ఎందుకు రాస్తారో చెప్పుకుంటూ పోయింది. క్రూ గదిలో అలాంటివి వరసగా ఉంటాయి కాబట్టి పేరు లేకపోతే ఎవరిది ఎవరు తీసుకెళ్తారో తెలియదంది.

"అచ్ఛా, మత్‌లబ్ పేటీ" అన్నాడతను.

"హా, పేటీ. మగర్ డ్యూటీ కీ పేటీ."

పేటీయే గాని డ్యూటీ పేటీ అని తన నోటి నుంచి వచ్చిన ఆ మాట ఆమే విన్నది. కోర్బా మనిషి తన మామ కూడా రైల్వేలో చేశాడని, ఆయన పేరు రాసి ఇస్తారా అని అడిగాడు.

ఫోన్ పెట్టి భానుప్రియ కొత్త పేజీ తెరిచింది. పైన 'లైన్ బాక్స్ అంటే ఏమిటి' అని హిందీలో రాసింది. ఫోన్‌లో చెప్పినట్టే కింద రాసింది. మీరు దీన్ని పేటీ అంటారు, సందూక్ అంటారు, ట్రంక్ అంటారు, రైల్వేవాళ్లం లైన్ బాక్స్ అంటాం అని రాసింది. ఒక్కో మాట ఒక్కసారే వచ్చింది. తాత బాక్స్ ఫొటో పెట్టి, బిలాస్‌పూర్ గార్డు వాడిన లైన్ బాక్స్, మూత మీద పేరుతో అని దాని వివరం రాసింది. మిగతా పేజీలన్నిటి నుంచీ ఈ పేజీకి లింకు ఇచ్చింది. పని అయ్యాక ఎవరికీ చెప్పలేదు.

ప్రతాప్ రోజూ పొద్దున్నే ఆ దుకాణం కోసం సెర్చ్ చేస్తున్నాడు. పాస్‌వర్డ్ లేకపోయినా సెర్చ్ చేయొచ్చు. పేటీ మీద పేరు రాయించడం అని వెతికిన ఒక పొద్దున్న భానుప్రియ పేజీ మొదట వచ్చింది. చివరి వాక్యం దాకా చదివాడు. తను నేర్పినవన్నీ అందులో ఉన్నాయి. తనకు తెలియనిది కూడా ఉంది. వాళ్లమ్మకి చదివి వినిపించాడు. ఎవరు రాసిండ్రు అని ఆండాళ్ అడిగింది. చెప్పేటప్పుడు కొడుకు గొంతు మారడం ఆమె గమనించింది.

అతను తెలిపారా వచ్చేసరికి మళ్లీ వాన పడుతోంది. దుకాణంలో బంగార్రాజు, గిరిబాబు కూర్చుని ఉన్నారు. కౌంటర్ మీద ఆర్డర్లు ఉన్నాయి. ఖరగ్‌పూర్, రాయ్‌పూర్, వాల్తేరు. రిటైరవుతున్న తండ్రులకీ మామలకీ పిల్లలు చేయిస్తున్నవి. షెడ్డు ఖాళీ లేదని బంగార్రాజు గిరిబాబుకి చెప్తున్నాడు. ఎవరు తీసుకున్నారని గిరిబాబు అడిగాడు.

"మా అమ్మాయి తీసుకుంది" అన్నాడు బంగార్రాజు.

గిరిబాబు టీ తాగి వెళ్లాడు. ప్రతాప్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మీ పేజీ చదివిన. నేను రాస్తే అట్ల రాదు" అన్నాడు.

"తెలుసు" అంది భానుప్రియ. "లోపలికి రండి, తడుస్తన్నారు."

పాస్‌వర్డ్ మాటెత్తకుండా పని చెప్పింది. ఆర్డరిచ్చిన వాల్తేరువాళ్ల ఇంట్లో పెద్దావిడ తెలుగు తప్ప చదవదు, వాళ్ల కోసం తెలుగు పేజీ పెట్టాలి. భానుప్రియ హిందీ బడిలో చదివింది, తెలుగు మాట్లాడుతుంది గాని రాయడం రాదు. ఆమె చెప్తుంటే ప్రతాప్ టైపు చేయాలి.

"రాయండి. మనం మూడు తరాలుగా లైన్ బాక్సులు చేస్తున్నాం."

ప్రతాప్ వేళ్లు ఆగాయి.

"ఇక్కడ 'మేం' అనాలె. మనం అంటే వినేటోళ్లు కూడ కలుస్తరు. రాస్తున్న నేను కూడ కలుస్త."

"హిందీలో రెండూ 'హమ్' అనే కదా."

"తెలుగుల రెండున్నయి." అతను ఆ మాట చెరపబోయాడు.

"ఉండనీయండి" అంది భానుప్రియ.

బంగార్రాజు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. అప్పయమ్మ లోపలి నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"దానికి తేడా తెలీదనుకున్నావేటి బావూ? పాస్‌వర్డ్ మార్చీసిన నాడు 'మా' దుకాణం, 'మా' తాత అనే అంది. నాను వినలేదేటి?"

భానుప్రియ కిటికీలోంచి వాన చూస్తోంది. మొహం చెవుల వరకూ ఎర్రబడింది.

"నేను కలుస్తనా?" అని ప్రతాప్ ఆమెని అడిగాడు. గొంతు తగ్గించలేదు. తండ్రీ నాయనమ్మా అక్కడే ఉన్నారు.

"టైపు చేయమన్నాను కదా" అంది ఆమె, అతని వైపు తిరిగి. "నేను చెప్పిన మాట మార్చకండి. ఒకసారి మార్చి చూశారు."

ప్రతాప్ టైపు చేశాడు. మనం అనే రాశాడు.

బంగార్రాజు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మీ ఇంట్లో ఇలాంటివి ఎవరితో మాట్లాడాలి, నాన్నగారితోనా అమ్మగారితోనా అని అడిగాడు. అమ్మతో అన్నాడు ప్రతాప్. అయితే ఆదివారం వస్తామని చెప్పమన్నాడు బంగార్రాజు.

తెలుగు పేజీ ఆ సాయంత్రమే పెట్టారు. వాల్తేరు నుంచి త్రినాథరావు అనే రిటైర్డ్ గార్డు చదివి ఫోన్ చేశాడు. పేజీ బాగుందని, తన పాత బాక్స్ గుర్తొచ్చిందని చెప్పాడు. మొదటి వాక్యంలో ఒక తప్పు దొర్లిందని, మనం అని పడిందని, మేం అని దిద్దుకోమ్మా అని అన్నాడు.

ప్రతాప్ పక్కనే కూర్చుని కొత్త ఫొటోలకి వివరాలు రాస్తున్నాడు. భానుప్రియ అతని వైపు చూసి ఫోన్‌లో జవాబిచ్చింది.

"తప్పు కాదండి. మేం ఇద్దరం చూసుకునే పెట్టాం."