యాభై అయిదు అంగుళాలు

రెండువేల పంతొమ్మిది జూన్ పద్నాలుగు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం వాకాడులో జ్ఞానప్రకాశం ఇంట్లో ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయ కూర, మిరియాల చారు. వేట నిషేధం రోజులు కాబట్టి బజారులో సముద్రపు పచ్చి చేప దొరకలేదు. అయితే ఆ తేదీ ఆయనకు గుర్తుండిపోయింది కూర వల్ల కాదు, గోడ వల్ల. ఆ ఉదయం మేస్త్రి వచ్చి హాలుకూ పడకగదికీ మధ్య గోడ పగలగొట్టి రెండున్నర అడుగుల కిటికీ పెట్టాడు. పక్షవాతంతో ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉన్న ఆయన భార్య సామ్రాజ్యం, పడుకున్న చోటి నుంచే తన హాలును మళ్ళీ చూసింది. కూరలో కాస్త సిమెంటు దుమ్ము పడింది. అయినా ఆమె సైగ చేసి మరో ముద్ద పెట్టించుకుంది.

కిటికీ ఆలోచన కొడుకు సుశీల్ కుమార్‌ది. గురువారం సాయంత్రాలు హాల్లో జరిగే ప్రార్థన కూడికలో ఒకప్పుడు పాటలు ఎత్తుకునేది సామ్రాజ్యమే. మాట పడిపోయాక, కిటికీ అంచు మీద స్టీలు చెంచాతో తాళం వేసేది. మంచినీళ్ళు కావాలన్నా, ఎవరినైనా పిలవాలన్నా అదే చెంచా. మరో రెండేళ్ళకు ఆమె పోయింది. కిటికీ ఉండిపోయింది.

ఈ శనివారం ఉదయం జ్ఞానప్రకాశం కాఫీ గ్లాసుతో గదిలోంచి వచ్చేసరికి ఆ గోడ మీద సుద్దముక్కతో ఒక పెద్ద చతురస్రం లాంటిది గీసి ఉంది. గోడ మూల దగ్గర మొదలై, ఖాళీ జాగా అంతా దాటి, నాలుగు అంగుళాల మేర కిటికీ మీదికి వచ్చింది. సుశీల్ కుమార్ చేతిలో టేపుతో నిలబడి ఉన్నాడు.

గూడూరులో ఒక షాపులో యాభై అయిదు అంగుళాల స్మార్ట్ టీవీ దాదాపు సగం ధరకు వస్తోందని చెప్పాడు. ఆదివారం సాయంత్రం వరకే ఆఫరు. కిటికీకి అడ్డం వస్తుంది కాబట్టి దాన్ని ఇటుకతో పూడ్పించేస్తే గోడ చక్కగా వస్తుందన్నాడు. చెప్తున్నంతసేపూ టేపును లోపలికి లాగుతూ, వదులుతూ ఉన్నాడు.

జ్ఞానప్రకాశం ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాడు. తప్పు ఎక్కడుందో చూడగానే తెలిసింది. తెలిసినా, "మంచిదే నాన్నా" అని మాత్రం అని కాఫీ తాగాడు. చెపితే తనకు ఆ కిటికీ కావాలని చెప్పినట్టవుతుంది. భార్య పోయిన నాటి నుంచి ఈ ఇంట్లో ఆయన ఏదీ కావాలని అడగలేదు. అడక్కుండానే రోజూ వేడినీళ్ళు పెడుతున్నారు, కళ్ళజోడు పగిలితే వారం తిరక్కుండా కొత్తది తెచ్చారు. అంతకన్నా ఏం కావాలి అనుకునే మనిషి.

టిఫిన్ల దగ్గర చర్చ నడిచింది. కోడలు ఫేబీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. దేన్నయినా రెండు వైపులా చూడందే ఒప్పుకోదు. సగం ధర అంటే ఊరికే ఇవ్వరని ఫోన్లో వివరాలు తీసి చూసింది. అది షాపులో ఏడాదిగా పొద్దస్తమానం ఆడుతున్న టీవీ. గ్యారంటీ ఏడాదే. ఉప్పుగాలికి ఈ ఊళ్ళో ఫ్యానులే తుప్పు పడుతుంటే, వాడేసిన టీవీ ఎన్నాళ్ళు ఉంటుంది? పైగా హాలు పది అడుగులు. అంత పెద్దదాని ముందు కూర్చుంటే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదంది. అదే డబ్బుకు నలభై మూడు అంగుళాలది కొత్తది వస్తుంది, మూడేళ్ళ గ్యారంటీతో.

సుశీల్ కుమార్ రొయ్యపిల్లల హేచరీలో ఎలక్ట్రీషియను. ఉప్పుగాలి సంగతి తాను చూసుకుంటానన్నాడు. తెర పెద్దదైతే నాన్నకు కళ్ళజోడు లేకపోయినా కనపడుతుందన్నాడు. నవోమి పక్కింటికి పోయి వాళ్ళ టీవీ చూసి రావడం తనకు నచ్చడం లేదన్నాడు. అన్నీ నిజాలే. అందుకే ఫేబీకి అనుమానం వచ్చింది. మూడు మంచి కారణాలు వరసగా చెప్పే మనిషి కాదు ఆమె భర్త.

పదేళ్ళ నవోమి మాత్రం పెద్ద టీవీ వైపే. "అంత టీవీలో పాస్టరుగారి మీసం మన చీపురంత కనపడతాది తాతా," అంది. ఆ పూటకు నవ్వింది జ్ఞానప్రకాశం ఒక్కడే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అన్నాలు తిన్నారు. నవోమి పక్కింటికి పోయింది. సుశీల్ కుమార్ మేస్త్రికి ఫోన్ చేసి, సోమవారం ఇటుకలూ సిమెంటూ తెమ్మని చెప్పాడు. ఫేబీ కంచాలు తీస్తున్నదల్లా ఆగింది.

"ఎవురినడిగి చెప్పినావు?"

"అడిగేదేముండాది? నాలుగంగుళాలు అడ్డమొస్తా ఉండాది గదా."

"నలభై మూడు కొంటే అడ్డం రాదు. నీకు టీవీ కావాల్నా, గోడ కావాల్నా?"

అతను ఆఫరు సాయంత్రానికి అయిపోతుందని మాత్రం గొణిగి బండి తాళం కోసం చూశాడు. ఫేబీ తాళం తీసి కొంగున ముడేసుకుంది. ఇద్దరూ గొంతు పెంచే మనుషులు కారు. పెంచకుండానే మాటలు గట్టిపడ్డాయి. అత్తమ్మ గుర్తుగా ఉన్నది ఆ కిటికీ ఒక్కటేనని ఆమె అంటే, గుర్తులు ఎక్కడ ఉండాలో తనకు తెలుసునని అతను అన్నాడు.

జ్ఞానప్రకాశం కుర్చీలోంచి లేచాడు. ఇక ఊరుకుంటే, తాను మాట్లాడనందుకు వాళ్ళిద్దరూ మాటలు మానేసేలా ఉన్నారు.

"ఆ టేపు ఇట్టియ్యి నాన్నా," అన్నాడు.

కిటికీ అంచు నుంచి గోడ మూల వరకు కొలిచాడు. యాభై ఒకటి. సుద్దముక్క తీసుకుని, కొడుకు గీసిన గీతల్లోనే చిన్నది ఒకటి గీసి, దాని ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా ఒక గీత లాగాడు.

"టీవీ కొలత అడ్డంగా కాదు. ఇట్టా, మూల నుంచి మూలకి. యాభై అయిదంగుళాల టీవీ అంటే వెడల్పు నలభై ఎనిమిదే వస్తాది. ఈ జాగాలో పడతాది. కిటికీ జోలికి పోనక్కర్లేదు." చెప్పక తప్పదన్నట్టు అన్నాడు. "అది నాకు కావాల."

సుశీల్ కుమార్ గీత వైపు చూడలేదు.

"నాకు తెలుసు నాన్నా. తొమ్మిదో తరగతిలో నువ్వు చెప్పిందే గదా. తెలిసే తప్పు కొలిచినా."

అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. అమ్మ పోయిన సాయంత్రం తండ్రి మందుల కోసం బజారుకు వెళ్ళాడు. ఫేబీ డ్యూటీలో ఉంది. తాను హాల్లో క్రికెట్ చూస్తున్నాడు. కిటికీ అంచు మీద చెంచా రెండుసార్లు మోగింది.

"ఓవరు అయిపోనీమ్మా అన్నా నాన్నా. తిరిగి గూడా చూళ్ళేదు. ఓవరు అయినాక పోతే..." అతను కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే ఎదురుగా అదే. రోజూ అదే."

సామ్రాజ్యం పోయిన నెలలోనే కొడుకు పాత టీవీని ఎవరికో ఇచ్చేయడం జ్ఞానప్రకాశానికి గుర్తొచ్చింది. పాడైందన్నాడు అప్పుడు. ఆయన కొడుకు పక్కన కూర్చోవడానికి కాస్త సమయం పట్టింది. మోకాళ్ళు వంగవు.

"అది పిలుపో, ఊరికే మోగించిందో, నాకూ తెలీదురా," అన్నాడు. "నీ గొంతయితే విన్నది. నువ్వు ఇంట్లోనే ఉండావని తెలిసి పోయింది. నేను ఆ మాత్రం గూడా దగ్గర లేను."

సుశీల్ కుమార్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. తండ్రి అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

ఫేబీ కళ్ళు తుడుచుకుని కొంగు ముడి విప్పింది. తాళాన్ని భర్త పక్కన పెడుతూ, ఇన్నాళ్ళూ చెప్పని మాట చెప్పింది.

"రోజూ పడుకోబోయే ముందు నేను ఫోను లైటేసి ఆ కిటికీలోంచే మామయ్యను చూస్తా. దుప్పటి కదలతా ఉండాదా లేదా అని. తలుపు తీస్తే కిర్రుమంటాది, నిద్ర లేస్తాడు. అందుకే పూడ్చొద్దన్నా. అత్తమ్మ కోసమే కాదు."

రాత్రిళ్ళు గది పైకప్పు మీద ఒక వెలుగు వచ్చి, కాసేపు నిలిచి వెళ్ళిపోవడం జ్ఞానప్రకాశం చూస్తూనే ఉన్నాడు. కోడలు మంచినీళ్ళకు లేస్తుందేమో అనుకునేవాడు.

సాయంత్రం ముగ్గురూ గూడూరు వెళ్ళారు. షాపులో పెద్ద టీవీ ఇంకా ఆడుతూనే ఉంది. సేల్స్‌మన్ ఆఫరు గురించి మొదలుపెట్టాడు. సుశీల్ కుమార్ దాని ముందు కాసేపు నిలబడి, "చూసేదానికి నలభై మూడు చాల్లే," అన్నాడు. కొత్తది బిల్లు చేయించారు. తిరిగి వస్తూ దోవలో ఫేబీ కిటికీకని నీలం పూల తెర గుడ్డ రెండు గజాలు కొంది. చూడలేనప్పుడు మూసుకోవచ్చు, చూడాలనుకున్నప్పుడు తీసుకోవచ్చు అంది. మేస్త్రికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది సుశీల్ కుమారే.

ఆ రాత్రి జ్ఞానప్రకాశం మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. తెర ఇంకా కుట్టలేదు. పైకప్పు మీదికి వెలుగు వచ్చింది. అయితే అలవాటైన చోట ఆగలేదు. కొంచెం వెనక్కి తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఫేబీ అయితే ఇంత తడబడదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ మీది దుప్పటి బాగా కనపడేట్టు గట్టిగా ఊపిరి తీసి వదిలాడు. మరోసారి తీశాడు.

వెలుగు చాలాసేపు నిలిచి వెళ్ళిపోయింది. తరువాత హాల్లో అడుగులు వీధి తలుపు దాకా నడిచాయి. సముద్రపు తేమకు ఉబ్బిన ఆ తలుపును సుశీల్ కుమార్ కాస్త పైకెత్తి, గొళ్ళెం చప్పుడు కాకుండా లోపలి నుంచి మూశాడు.