రెండో కణపట్టీ

"అక్కా, నేనింకా బయటే ఉన్నాను. తలుపేసేశారేంటి?"

రేడియోలో తమ్ముడు శరభయ్య గొంతు వినగానే ఇందుమతి తలెత్తింది. ఎదురుగా తెరమీద అతని పేరు పచ్చగా వెలుగుతోంది. యంత్రం లెక్కలో అతను లోపలే ఉన్నాడు.

చంద్రుడి మీద ఆ గనిలో బతుకంతా ఒంటికి తగిలే కణాలను లెక్కగట్టే కణపట్టీల చుట్టూనే తిరుగుతుంది. సూర్యుడు విరుచుకుపడినప్పుడల్లా, అంతరిక్షంలో కాపలా కాసే సూర్యప్రహరి ఉపగ్రహం ముందుగా దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లను కొలిచి, వెనక రాబోయే ప్రాణాంతక ప్రోటాన్ల జోరు చెబుతుంది. అందరూ నేల కిందున్న రక్షణగదికి పరుగెత్తుతారు. మణికట్టు పట్టీలన్నీ లోపలికి చేరాయని తేలగానే తలుపు దానంతటదే బిగుసుకుంటుంది. ఇవాళా బిగుసుకుంది. ప్రోటాన్లు ఇక ఏ నిమిషాన్నైనా రావచ్చు.

"వాడి పట్టీ ఎవడి దగ్గరుంది?" గని భద్రతాధికారి, ఇందుమతి భర్త, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చూస్తున్నాడు.

"నా చేతులు ఇందాకే చూశారు సార్," అన్నాడు డ్రిల్లర్ మస్తాన్. "ఈలోగా మూడోది మొలవలేదు."

ఇందుమతి రేడియో దగ్గరికి వంగింది.

"పట్టీ ఎవరికిచ్చావురా?"

"అది మాత్రం అడక్కే. ఒంటికి తగిలిన కణాల లెక్క నిండితే భూమికి పంపేస్తారని లోపల పెట్టించాను. తవ్వకం బండి కింద దూరి పడుకుంటాలే."

"ఆ రేకు ప్రోటాన్లని ఆపుతుందంట్రా?"

ఆమె తమ్ముడి పట్టీని మోగించే మీట వైపు చెయ్యి చాచింది.

"వద్దు ఇందూ. ఈ సమయంలో అది నొక్కితే లెక్కలన్నీ చెడతాయి," అన్నాడు భర్త.

ఆమె నొక్కింది. అతని కోటు జేబులో ఏదో సన్నగా గీపెట్టింది.

మస్తాన్ చూపు తిప్పుకున్నాడు. భర్త గొంతు తగ్గించాడు. "వాడి లెక్క పోయినేడాదే నిండిపోయింది. వాడెళ్లిపోతే నువ్వు బెంగపడతావని... తవ్వకానికి ఇంకో మనిషీ దొరకలేదు."

ఆమె తలుపు యంత్రం ముందు నిలబడింది. శరభయ్య బయటే ఉన్నాడని, అతని పట్టీని ఎవరో లోపల దాచారని చెప్పింది.

"పట్టీ దాచినవారి పేరు పలకండి," అంది యంత్రం.

"శరభయ్య పేరే చెప్పు," గుసగుసలాడాడు భర్త. "తలుపు తెరుచుకుంటుంది. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

"ఏడాదిగా వాడి ఒంట్లో ఎంత పడిందో డాక్టరుకెవరు చెబుతారండీ? మీరు చెబుతారా?"

అతను జేబుని అరచేత్తో నొక్కిపట్టాడు.

మొగుడి పేరు నోట పలకకూడదన్న అమ్మమ్మ పట్టింపును ఆమె చంద్రుడి దాకా మోసుకొచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ 'ఏమండీ', 'మా ఆయన' తప్ప మరో మాట లేదు. ఇప్పుడు ఆ పేరుని పెదవుల మీదే పలికింది.

"వినిపించలేదు," అంది యంత్రం.

"దక్షిణామూర్తి," అంది ఇందుమతి, గదంతా వినబడేలా. "ఈ గని భద్రతాధికారి, దక్షిణామూర్తి."