వెనక బరువు

ఆ ఉదయం హిడ్డె చేతిలో ఉన్నవి నాలుగే. రోజంతా చెల్లే ట్రామ్ కార్డు ఒకటి. అద్దెకు తెచ్చిన ఎర్ర సైకిలు. ఆ సైకిలు హ్యాండిల్‌కి బిగించిన, లోపల ట్రాన్స్‌మీటర్ దాచిన బెల్లు. చచ్చిపోయిన స్నేహితుడు చివరగా పంపిన నాలుగు మాటల కబురు: "వెనక బరువు ముందే పడింది."

స్నేహితుడి పేరు మెన్నో. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే పుట్టి, అక్కడే రహస్య ఏజెంట్‌గా పనిచేసినవాడు. మంగళవారం నాడు అతని సైకిలు చక్రం ట్రామ్ పట్టా సందులో ఇరుక్కుందనీ, కిందపడ్డవాడి మీదికి ట్రామ్ వచ్చిందనీ పోలీసులు రాసుకున్నారు. హిడ్డె ఆ మాట నమ్మలేదు. ఈ ఊళ్ళో పుట్టినవాడు పట్టాని అడ్డంగా దాటుతాడే తప్ప వెంబడి తొక్కడు. సందులో చక్రం పెట్టేది కొత్తగా వచ్చినవాడే. ఆ నాలుగు మాటల మీద ఆఫీసు కోడ్ విభాగం మూడు రోజులు కుస్తీ పట్టింది. ఏమీ తేలలేదు.

హిడ్డెది ఉత్తరాన లేవార్డెన్. పైకి తులిప్ గడ్డల వ్యాపారి, లోపల పాతికేళ్ళ అనుభవమున్న ఏజెంట్. అతన్ని పిలిపించింది బ్రాండ్స్మా మేడమ్. మిషన్ గురించి ఆమె నిలబడే చెప్పింది. రేవుల్లో విషవాయువు సరుకు దాటిస్తున్న విదేశీ ముఠా ఒకటుంది. అందులో పనిచేసిన ఇంజనీరు తిబోర్ సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడు. తెల్లవారినప్పటినుంచీ చేతిలో మ్యాపు పెట్టుకుని పధ్నాలుగో నంబరు ట్రామ్‌లో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. టూరిస్టుని ఎవరూ రెండోసారి చూడరు. పదకొండుంపావుకి జూ స్టాప్ దగ్గరికి వచ్చినప్పుడు కిటికీలోంచి ఎర్ర సైకిలు కనబడితేనే దిగుతాడు. గుర్తు, పసుపు గొడుగు. అతని దగ్గర ఫోను లేదు. అక్కణ్ణుంచి తీసుకెళ్ళాల్సిన పడవ ఎక్కడుందో మారిట్ అనే ఏజెంట్‌కే తెలుసు. మనిషి సంగతి ఒకరికి, పడవ సంగతి ఇంకొకరికి. సరుకు ఒకచోట, తాళంచెవి ఇంకోచోట పెట్టడం హిడ్డెకి నచ్చిన పద్ధతే.

"మా ఊళ్ళో ట్రామే లేదు. నేనెందుకు?" అన్నాడు.

"అందుకే. కొత్తవాడిలా నువ్వు నటించక్కర్లేదు," అంది బ్రాండ్స్మా. గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది. "బెల్లు ఒకసారి కొడితే అంతా బాగుందని. మూడుసార్లు కొడితే మనలోనే దొంగ ఉన్నాడని. మెన్నో వెళ్ళే దారి ఎవరో అమ్మేశారు, హిడ్డె."

వాటర్లూప్లేన్ కూడలి దగ్గర సన్నగా వాన పడుతోంది. కాఫీ దుకాణం బయట ఆకుపచ్చ కోటులో నిలబడ్డ మనిషి వానకి కూడా అందం తెచ్చిపెట్టేలా ఉంది.

"ఈ ట్రామ్ ఏనుగుల దగ్గరికి వెళ్తుందా?" అని కోడ్ మాట అడిగాడు హిడ్డె.

"వెళ్తుంది. కానీ ఏనుగులు సోమవారం ఎవరితోనూ మాట్లాడవు." మారిట్ నవ్వింది. "మీరేనా గడ్డల షావుకారు? పొద్దున ట్రామ్ దిగేటప్పుడు కార్డు మెషీన్‌కి చూపించారా, లేక ఊరికే దూకేశారా?"

"మరిచిపోయాను."

"పల్లెటూరి పెద్దమనిషే." ఆమె మాటలో అచ్చం ఆమ్‌స్టర్‌డామ్ పాత యోర్దాన్ పేట యాస. ఫైలులో కూడా అదే ఉంది: పుట్టింది యోర్దాన్‌లో, కాలవకి మూడో వీధి.

మెన్నో గురించి అడిగితే ఆమె కళ్ళు తడి అయ్యాయి. చివరి రోజు అతని సైకిలు మీదే వెళ్ళానని చెప్పింది. హిడ్డెకి మనసు కరిగింది. ఆ కరగడంలోనే తప్పు చేశాడు. జూ స్టాప్, పదకొండుంపావు, ఎర్ర సైకిలు, పసుపు గొడుగు, అన్నీ చెప్పేశాడు. పడవ ఎక్కడని మాత్రం ఆమె నోట రాలేదు. అడగాలని అతనికి తోచనూ లేదు. బేరం కుదరకముందే సరుకు విప్పి చూపించినట్టయింది.

ఇంకా పన్నెండు నిమిషాలుంది. వెనక ఎక్కమని చెప్పి హిడ్డె పెడల్ మీద కాలేసి బండి కదిలించాడు. పది గజాలు పోయాడు. వెనక దభీమని పడాల్సిన బరువు పడలేదు. తిరిగి చూస్తే మారిట్ అక్కడే నిలబడి ఉంది.

"ఆపండి మరి, ఎక్కొద్దా?"

ఆపాడు. ఆమె కోటు సర్దుకుని, క్యారియర్ మీద కుదురుగా కూర్చుని, "ఇక పదండి" అంది. బండి తాగినవాడిలా ఊగుతూ కదిలింది.

హిడ్డె వీపు బిగుసుకుంది. ఈ దేశంలో బడికెళ్ళే పిల్లకి కూడా తెలిసిన సంగతి అది. ముందు బండి కదలాలి. నాలుగడుగులు పక్కనే పరిగెత్తి, ఒక వైపుగా ఎగిరి కూర్చోవాలి. యాస నేర్పే మాస్టారు దొరుకుతాడు. పుట్టిన ఊరు ఫైలులో రాసుకోవచ్చు. కానీ అమ్మ సైకిలు వెనక, అక్క సైకిలు వెనక ఎగిరి ఎక్కిన బాల్యం ఎక్కడా దొరకదు.

వెనక బరువు ముందే పడింది. బండి కదలకముందే. మెన్నో కోడ్ ఏమీ రాయలేదు. ఉన్నమాట రాశాడు, అంతే.

హిడ్డె బెల్లు కొట్టాడు. ఎదురుగా ఎవరో దాటుతున్నట్టు ఇంకోసారి కొట్టాడు. మూడోసారి కొట్టాడు.

పక్కటెముకల దగ్గర చల్లగా ఏదో తగిలింది. తల దించి చూస్తే పెదాలకి రాసుకునే రంగు గొట్టం. దాని చివర సూది.

"మెన్నో కూడా ఇలాగే వీపు బిగించాడు," అంది మారిట్ నెమ్మదిగా. యాస ఎగిరిపోయింది. "జూ స్టాప్ దాకా తొక్కండి, షావుకారు గారూ. మీ ఎర్ర సైకిలు కనబడకపోతే ఆయన దిగడు. ఆ తర్వాత మీ ఇష్టం."

అంటే అంతవరకే తన ప్రాణానికి విలువ. హిడ్డె తొక్కుతూనే లెక్క వేశాడు. బ్రాండ్స్మా మనుషులు రావడానికి అయిదు నిమిషాలు. స్టాప్‌కి రెండు నిమిషాలు. వెనక పధ్నాలుగో నంబరు గంట మోగుతోంది. అది దాటిపోయి స్టాప్‌లో ఆగితే తలుపులు తెరుచుకుంటాయి, పసుపు గొడుగు దిగుతుంది. స్టాప్‌కీ స్టాప్‌కీ మధ్య ఆగితే?

మధ్యలో డ్రైవరు తలుపు తియ్యడు. పొద్దున సైకిలు అద్దెకు తెచ్చుకోవడానికి ట్రామ్‌లో వెళ్ళినప్పుడు హిడ్డె ఎంత బతిమాలినా తియ్యలేదు.

కాలవ వంతెన దిగగానే హ్యాండిల్ కొద్దిగా ఎడమకి తిప్పాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ చేసే తప్పుని కావాలని చేశాడు. ముందు చక్రం పట్టా సందులో దిగింది.

సైకిలు నిలిచిపోయింది. మనుషులు నిలవలేదు. హిడ్డె భుజం మీద పడ్డాడు, లోపల ఏదో పటుక్కుమంది. రంగు గొట్టం రాళ్ళ మీద దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. ఆకుపచ్చ కోటు గొలుసులో చిక్కుకుని మారిట్ సైకిలుతో సహా పట్టాల మీద ఉండిపోయింది. ట్రామ్ కీచుమంటూ ఆమెకి జానెడు దూరంలో ఆగింది.

తలుపులు తెరుచుకోలేదు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, సైకిలు తొక్కడం రాకపోతే అద్దెకి తీసుకోవడం దేనికని టూరిస్టులందర్నీ కలిపి తిట్టాడు. అతని వెనక అద్దానికి ముక్కు ఆనించి, మ్యాపు పట్టుకున్న నెరిసిన గడ్డం ఆయన జాలిగా చూస్తున్నాడు. ఒళ్ళో పసుపు గొడుగు. మారిట్ తల తిప్పితే కనబడేవాడే. కానీ ఆమె కోటు లాక్కోవడంలో ఉంది. ఆమె ఇంకా లాక్కుంటూ ఉండగానే నల్ల కారు వచ్చింది.

తిబోర్‌ని ఇంకో పడవ మీద పంపించారు. బ్రాండ్స్మా వచ్చి హిడ్డె పక్కన తడి రాళ్ళ మీదే కూర్చుంది. అతను మెన్నో మాటకి అర్థం చెప్పాడు.

"మా కోడ్ విభాగంలో పదకొండు మంది ఉన్నారు," అంది బ్రాండ్స్మా. "అందరూ ఇక్కడ పుట్టినవాళ్ళే. ఒక్కడికీ తట్టలేదు."

"వాళ్ళు ఆఫీసుకి కార్లలో వస్తారు కదా, మేడమ్."

కట్టు కట్టించుకుని సాయంత్రం స్టేషన్‌కి వెళ్తూ హిడ్డె లెక్క చూసుకున్నాడు. మిగిలినవి: ఒక ఇంజనీరు ప్రాణం. ప్రమాదం కాదు, హత్య అని మెన్నో భార్యకి చెప్పగల నిజం. విరిగిన భుజం ఎముక. పోయినవి: ముందు చక్రం ఒకటి, ఎప్పటికీ దొరకని స్నేహితుడొకడు. స్టేషన్ దగ్గర ట్రామ్ దిగుతూ, కట్టు లేని చెయ్యితో కార్డు తీసి మెషీన్‌కి చూపించాడు. ఈసారి మరిచిపోలేదు. ఊరు అలవాటవుతున్నట్టుంది.