మోటారు షెడ్డు మనిషి

ఏలూరు దాటి కొల్లేరు వైపు దిగితే రోడ్డుకి ఎడమపక్కన ఒక చిన్న ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. గేటు చూస్తే ఏ పెద్ద పట్నానికో వచ్చామా అనిపిస్తుంది. లోపలికి నాలుగడుగులు వేస్తే మాత్రం, పదేళ్ళ కిందటిదాకా అది చేపల చెరువని ఒకరు చెప్పక్కర్లేదు. చిన్న వాన పడితే చాలు, కాలు దిగబడిపోతుంది.

చెరువు పూడ్చేటప్పుడు ఒక్కటి మాత్రం పడగొట్టకుండా వదిలేశారు — ఆడపిల్లల హాస్టల్ వెనకున్న పాత మోటారు షెడ్డు. దాని పక్కనే పూడ్చగా మిగిలిన గుంట, నిండా గుర్రపుడెక్క. అక్కడ లైటూ లేదు, కంచే లేదు.

ఆ షెడ్డుకి చెడ్డపేరుంది. రాత్రి రెండు దాటాక అక్కణ్ణించి ఒక ఆడమనిషి పిలుస్తుందంటారు. ఊరికే పిలవడం కాదు... పేరు పెట్టి పిలుస్తుంది. ఒకసారి... ఆగి, ఇంకోసారి. మూడోసారి పిలవడం మాత్రం దానికి చేతకాదు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. అంచేత మూడో పిలుపు వినపడేదాకా పలక్కూడదు. ముందే పలికారో — ఇక ఆ మనిషి సంగతి మర్చిపోవడమే.

హాస్టల్లో చేరిన ప్రతి పిల్లకీ ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. టైంటేబుల్ వంటబట్టడానికి నెల పడుతుంది గానీ దీనికంత పట్టదు. చెప్పేది వీరదుర్గ — పెంటపాడు నుంచి వచ్చి ఇక్కడ రాత్రి డ్యూటీ ఆయాగా చేస్తున్న మనిషి. గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి ఆవిడ చెప్తుంటే, పిల్లలు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని వినేవాళ్ళు.

అసలు విషయమేమిటంటే — ఆ దెయ్యాన్ని పుట్టించిందే దుర్గ.

రెండేళ్ళ కిందట ఒక పిల్ల చీకట్లో గుంట అంచున జారి మోకాలు పగలగొట్టుకుంది. వార్డెన్ సూర్యకాంతం లైటు వేయించండి, కంచె కట్టించండి అని ఆఫీసుకి మూడుసార్లు కాయితం పెట్టింది. మూడుసార్లూ చూద్దాం అన్నారు. ఎవరూ చూడలేదు. చివరికి ఒకరోజు సాయంత్రం ఆవిడ దుర్గని పిలిచింది.

"నువ్వేదో ఒకటి చెప్పు దుర్గా. పిల్లలు అటు పోకుండా ఉంటే చాలు."

దుర్గ చెప్పింది. చెరువు రోజుల్లో ఇక్కడ పనిచేసిన మనిషొకతె గుంటలో పడి చచ్చిపోయిందంది. పిలుపు సంగతి చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర విన్నది, దాన్ని తెచ్చి దీనికి అతికించింది. మిగతాది పిల్లలే కలుపుకున్నారు. ఒకత్తి గాజుల చప్పుడు విన్నానంది, ఇంకొకత్తికి నీచు వాసన తగిలింది. నెల తిరిగేసరికి షెడ్డు వైపు పిట్ట పోతే ఒట్టు. లైటు చెయ్యాల్సిన పనీ, కంచె చెయ్యాల్సిన పనీ దెయ్యమే చేసిపెట్టింది, జీతం బత్తెం లేకుండా. ఆఫీసువాళ్ళు కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

చివరికి వాచ్‌మన్ నాగూర్ కూడా రాత్రి రౌండు అటు వెళ్ళడం మానేశాడు.

"పిల్లలుగలవాణ్ణండి దుర్గమ్మగారూ, నాకెందుకండీ," అన్నాడు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. మీసాలున్న మగాడు తన మాటకి భయపడ్డాడని లోపల్లోపల మురిసిపోయింది.

ఈ ఏడు ఆఖరి విడత ప్రవేశాల్లో పెర్సిస్ అనే పిల్ల వచ్చింది. వాళ్ళది మండవల్లి. తండ్రి ఎజ్రా చేపల చెరువుల మీద కాపలా ఉంటాడు. చేర్పించే రోజున ఆయన ఆఫీసులో చేతులు కట్టుకుని ఒక్కటే అడిగాడు.

"మా పిల్లకి ఉబ్బసం ఉందండి. రాత్రిళ్ళు ఇబ్బందైతే ఎలాగండీ?"

ఆఫీసువాళ్ళు కిటికీలోంచి ఎదురుగా ఉన్న బోర్డు చూపించారు. ఆరోగ్య కేంద్రం, ఇరవై నాలుగు గంటల సేవ. రాత్రిపూట కూడా కనపడాలని దానికి ట్యూబులైటు పెట్టారు. ఎజ్రా ఆ బోర్డు రెండుసార్లు చదువుకుని, కూతురి చేత కూడా చదివించి, నిశ్చింతగా బస్సెక్కాడు.

ఆ బోర్డు వెనక నర్సు ఐదున్నర బస్సుకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత తలుపుకి తాళమే. హాస్టల్లో అందరికీ ఇది తెలుసు. కొత్తపిల్లకి దెయ్యం సంగతి చెప్పడానికి పదిమంది పోటీలు పడ్డారు. రాత్రి నర్సు ఉండదన్న సంగతి చెప్పడానికి ఒక్కళ్ళకీ నోరు రాలేదు.

పెర్సిస్ వచ్చిన ఆరో రోజు ముసురు పట్టింది.

రాత్రి పదింటికి దుర్గ రిజిస్టరు పట్టుకుని రౌండుకి వెళ్ళింది. గది తలుపు కొట్టడం, "అందరూ ఉన్నారా?" అనడం, లోపల్నించి ఎవరో ఒకరు "ఉన్నామండీ" అనడం, టిక్కు పెట్టడం. తలుపు తీసి తలలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. పెర్సిస్ గదిలోంచి కూడా "ఉన్నామండీ" అనే వినపడింది. టిక్కు పెట్టేసింది. వెనక గ్రిల్లుకి తాళం వేసి, దాని పక్కనే చాప పరుచుకుని పడుకుంది.

మెస్సు వైపు ఇంకో తలుపుంది. దాని గడియ వదులు. లోపల్నించి గట్టిగా తోస్తే వచ్చేస్తుంది, బయటినించి మాత్రం రాదు.

నడిరాత్రి దాటింది. చూరు మీంచి చుక్కలు పడుతున్నాయి... కప్పలు అరుస్తున్నాయి...

"దుర్గమ్మగారూ..."

దుర్గకి మెలకువ వచ్చింది. గోడ గడియారం రెండుంపావు చూపిస్తోంది. అలవాటుగా చెయ్యి తాళాల గుత్తి మీదికి పోయింది — పోయి, అక్కడే ఆగిపోయింది.

పిలుపు షెడ్డు వైపు నుంచి వచ్చింది.

సన్నటి గొంతు. ఎవరిదో పోల్చుకోలేకపోయింది. గొంతులోంచి కాకుండా ఏదో ఇరుకు సందులోంచి వచ్చినట్టుంది. ఊపిరి బిగబట్టి వింది.

"దుర్గమ్మగారూ..."

ఈసారి ఇంకా చిన్నగా.

అక్కడేమీ లేదని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి దుర్గ. తను అల్లిన అబద్ధమే కదా అది. అయినా ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. రెండేళ్ళుగా అదే కథ అంతమందికి, అన్ని రాత్రులు చెప్పీ చెప్పీ, ఎక్కడో లోపల తనే నమ్మేసింది. ఆ సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది.

'మూడోసారి పిలిస్తే వెళ్దాం,' అనుకుంది.

తాళాల గుత్తి గుప్పిట్లో బిగించి కూర్చుంది. కప్పలు అరుస్తూనే ఉన్నాయి. ఐదు నిమిషాలు... పది నిమిషాలు...

మూడో పిలుపు రాలేదు.

'అమ్మయ్య' అనుకుంది దుర్గ. ఆ ఒక్క మాటకి ఇప్పటికీ తనని తను తిట్టుకుంటుంది.

పైన గదుల్లో ఇంకో పదిమంది కూడా విన్నారు. దుప్పటి ముసుగు తన్ని, తనొక్కతే విన్నదనుకుని, ఎవరికి వాళ్ళు నోరు మూసుకుని పడుకున్నారు.

తెల్లారుతుండగా నాగూర్ కేక విని అందరూ బయటికి పరిగెత్తారు. పెర్సిస్ షెడ్డు గోడకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. నైటీ తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెప్పు ఒకటి కాలికే ఉంది. రెండోది ఆరోగ్య కేంద్రం మెట్ల మీద దొరికింది. తాళం వేసిన తలుపు పైన ట్యూబులైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

ఏం జరిగిందో చూసినవాళ్ళెవరికైనా అర్థమవుతుంది. ఊపిరాడక లేచింది. ఫోన్లన్నీ తొమ్మిదింటికే వార్డెన్ బీరువాలోకి వెళ్ళిపోయాయి. బోర్డు మాట నమ్మి చీకట్లో అక్కడిదాకా వెళ్ళి తలుపు కొట్టింది. వెనక్కి వచ్చేసరికి మెస్సు తలుపు మూసుకుపోయింది. దుర్గ పడుకునే వెనక గ్రిల్లు వైపు చుట్టూ తిరిగి వస్తూ, షెడ్డు దగ్గర ఊపిరి ఇక ఎగదీయలేకపోయింది.

మధ్యాహ్నం ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి అడిగారు. పక్క మంచం పిల్ల శ్రావ్య ఏడుస్తూ, తలనొప్పని పెందలాడే పడుకున్నాననీ, పెర్సిస్ ఎప్పుడు లేచిందో తెలీదనీ చెప్పింది.

"పదింటికి గదిలో ఉందా?" అని దుర్గని అడిగారు.

"టిక్కు పెట్టానండీ," అంది దుర్గ.

పొద్దున్నే దుర్గ నోట పిలుపుల సంగతి విన్న సూర్యకాంతం ఆవిడని పక్కకి తీసుకెళ్ళి, "ఏమీ వినలేదని చెప్పు. ఉద్యోగం పోతుంది," అని చెవిలో చెప్పింది. లోపల దుర్గ అలాగే చెప్పింది.

బయటికి వచ్చేసరికి వరండాలో ఎజ్రా నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, మా పిల్ల పిలిచిందాండీ? సిగ్గుపడి ఊరుకునే పిల్ల కాదండీ... ఎవరో ఒకర్ని పిలిచే ఉంటుందండీ."

దుర్గ ఆ మొహం చూసి అబద్ధం చెప్పలేకపోయింది.

"పిలిచిందండీ. రెండుసార్లు."

"మరి...?"

"దెయ్యమనుకున్నానండీ."

ఆయన చాలాసేపు ఆవిడ వంక చూశాడు. తిడతాడనుకుంది, కొడతాడనుకుంది. కొట్టినా బాగుండేది.

"అవున్లెండి... మా పిల్ల గొంతు మీకు కొత్త కదండీ," అని, భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రెండు వారాలు గడిచాక ఒక రాత్రి సూర్యకాంతం గ్రిల్లు దగ్గరికి వచ్చి, చాప మీద దుర్గ పక్కనే కూర్చుంది. అలా ఎప్పుడూ కూర్చోలేదు.

"పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది దుర్గా. పదకొండు లోపే ప్రాణం పోయిందట."

"పదకొండా అండీ?"

"అవును. అంటే రెండింటికి ఆ పిల్ల లేదు. నువ్వు లేచి వెళ్ళినా ఏమీ అయ్యేది కాదు. ఇంక మనసులో పెట్టుకోకు."

దుర్గ తాళాల గుత్తి ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి నన్ను పిలిచిందెవరండీ మేడమ్?"

సూర్యకాంతం షెడ్డు వైపు చూసి, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఏమో దుర్గా... నిజంగానే ఉందేమో."

కథ చెప్పమని పురమాయించిన మనిషే ఆ మాట అంది. అని, ఎవరో బరువు దించినట్టు తేలిగ్గా లేచి వెళ్ళిపోయింది.

మర్నాటికి యూనివర్సిటీ మొత్తం అదే మాట. పిలిచింది దెయ్యమైతే ఇంక ఎవరి తప్పూ లేదు. బోర్డు పెట్టినవాళ్ళదీ కాదు, తాళం వేసినవాళ్ళదీ కాదు, లైటు వెయ్యనివాళ్ళదీ కాదు. ఆఫీసువాళ్ళు నమ్మారు. నాగూర్ నమ్మాడు. దుప్పటి ముసుగుల కింద విన్న పిల్లలైతే ఏడ్చి మరీ నమ్మారు.

నమ్మలేని మనిషి ఒక్క దుర్గే. డాక్టరు చూసిందే రాశాడో, ఎవరైనా అలా రాయించారో, అడగడానికి ఆవిడకి దిక్కెవరు? రిపోర్టు నిజమైతే ఆ రాత్రి పిలిచింది దెయ్యం. అబద్ధమైతే, కొనఊపిరితో ఉన్న పిల్ల తనని పేరు పెట్టి పిలుస్తుంటే తను తాళాలు పట్టుకుని కూర్చుంది.

ఆ రాత్రి రెండుంపావుకి దుర్గ గ్రిల్లు తాళం తీసింది. బురదలో కాళ్ళీడ్చుకుంటూ షెడ్డు దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల ఆనుకున్న గోడకెదురుగా నిలబడింది.

"పిలువమ్మా..." అంది గొణుగుతున్నట్టు. "ఒక్కసారి పిలువు. నువ్వున్నావని నాకు తెలిస్తే చాలు. నన్నేం చేసినా సరే... పలుకుతాను."

గుంటలో కప్పలు అరుస్తున్నాయి. దుర్గ చెవులు రిక్కించి, చేతులు జోడించి, తూర్పు తెల్లబడేదాకా అక్కడే నిలబడింది.

ఎవరూ పిలవలేదు.