పోలినాయుడి పఠనసాక్షి

ఎర్రపాలెంలో ఫిల్టర్ల రోజంటే పండగ.

అంగారకుడి మీద ధూళికి జాలి లేదు. నెల తిరిగేసరికి ఊరిని కప్పిన గుమ్మటం లోపలి గాలిని వడగట్టే ఫిల్టర్లన్నీ ఇటుక రంగు మట్టితో పూడుకుపోతాయి. వాటిని మార్చే మధ్యాహ్నం ఏ గది తలుపు ఆ గదికి బిగుసుకుంటుంది. పని పూర్తయ్యేదాకా ఎంతటివాడైనా ఉన్నచోటే ఉండాలి. అందుకని ఎవరితో కలిసి చిక్కుపడాలో జనం ముందే చూసుకుంటారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఒక గదిలో, పేకాటరాయుళ్ళు ఒక గదిలో, ఒకరికొకరు పడనివాళ్ళు గుమ్మటానికి ఆ చివరొకరు, ఈ చివరొకరు.

పోలినాయుడు మాత్రం పుస్తకాల గదిలో.

ఆ గదిలో పుస్తక మండలి మొదలుపెట్టింది అతని భార్య వరాలు. ఎలాగూ తలుపులు మూస్తారు, నలుగురం కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుందాం అంది. ఆమె బతికున్నన్నాళ్ళూ అతను ఒక్కసారి కూడా ఆ గదిలో కూర్చోలేదు. ఫిల్టర్లు మార్పించే ఇంజినీరు అతనే మరి. ఊరంతా తలుపులు వేసుకుని నవ్వుకునే రోజున అతను గాలియంత్రాల మధ్య నిలబడి కేకలు వేసేవాడు. అతను రిటైరయ్యాడు. ఆ ఏడాదే వరాలు పోయింది. మండలి పెద్దరికం అతనిదైంది. ఎవరూ ఇవ్వలేదు, అతనే తీసుకున్నాడు.

తీసుకున్న మొదటి నెలలోనే అతనికి సంగతి తెలిసిపోయింది. ఈ మండలిలో ఎవరూ పుస్తకం చదవరు.

మండలి అంటే ముగ్గురు. హరితగృహంలో మొక్కల శాస్త్రవేత్త హైమావతి. ధూళిమైదానాల్లో రోవరు బండి నడిపే దానియేలు. ఊరికంతటికీ మెదడు వైద్యుడు కరీముల్లా. ముగ్గురూ చేతులూపుకుంటూ వచ్చేవారు, గొంతులు పోయేలా వాదించుకునేవారు, కడుపు నిండా తిని వెళ్ళేవారు. పుస్తకంలో ఏముందో మాత్రం ఒక్కరికీ తెలియదు. చనిపోయిన మనిషి పేరు చెప్పి పులిహోర తింటున్నారని పోలినాయుడికి ఒళ్ళు మండింది. అతను చదివింది భూమ్మీద ఒక పల్లెటూరి బడిలో. పాఠం అప్పజెప్పనివాడిని గోడకుర్చీ వేయించే బడి అది. అక్కడ అతనికి లెక్కలు వచ్చాయి, సైన్సు వచ్చింది, క్షమించడం రాలేదు.

అందుకని పఠనసాక్షిని తయారుచేశాడు.

చూడ్డానికి అది తలమీద బిందె కింద పెట్టుకునే చుట్టకుదురులా ఉంటుంది. లోపలివైపు బియ్యపు గింజల్లాంటి సెన్సర్లు, ముందు ఒక చిన్న దీపం. మనిషి కథ చదివినప్పుడు మెదడు ఊరుకోదు. ఊళ్ళు కడుతుంది, ముఖాలు గీస్తుంది. మనం తిరిగిన వీధుల్ని గుర్తుంచుకునే న్యూరాన్లే కథలో వీధుల్నీ గుర్తుంచుకుంటాయి. ఆ గుర్తుకు పోలినాయుడు కథాముద్ర అని పేరు పెట్టాడు. పుస్తకంలోని మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు యంత్రం ఒక్కొక్కటే పలుకుతుంది. పేరు వినగానే తలలో ముఖమో చోటో మెదిలితే పచ్చదీపం. ఏదీ మెదలకపోతే ఎర్రదీపం. మెదడు సంగతులు చెప్పి సాయం చేసింది కరీముల్లానే. ఎందుకోసమో అడక్కుండా చేశాడు, పాపం.

ఈ నెల పుస్తకం పోలినాయుడే ఎంచాడు. పేరు 'ఉప్పుమడుల మీద ఎండ'. దిండులా తలకింద పెట్టుకోదగ్గ నవల. కావాలనే అంత లావుది ఎంచాడు. రూలు కూడా అతనే పెట్టాడు: ఎర్రదీపం వెలిగినవాళ్ళకి భోజనం లేదు, మండలిలో చోటు లేదు. అతని లెక్క ప్రకారం ముగ్గురికీ ఎర్రదీపమే వెలుగుతుంది, మండలి మూతపడుతుంది, గదిని బంగాళాదుంపల నిల్వకి ఇచ్చేయొచ్చు. ఆ తర్వాత నెల పొడుగునా తనతో మాట్లాడే మనిషి ఉండడని అతనికి తెలుసు. తెలిసే చేశాడు.

తలుపులు బిగుసుకున్నాయి. ముగ్గురూ గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో హైమావతి తెచ్చిన గుండ్రటి అడుగు గిన్నె, నిలబడక అటూ ఇటూ ఊగుతోంది. అంగారకుడి మీద కాసిన మొదటి చింతపండుతో కలిపిన పులిహోర. ఇన్నేళ్ళూ ప్రయోగశాలలో చేసిన పులుపుతో సరిపెట్టుకున్న ఊరది. పోపు వాసనకి దానియేలు గిన్నె మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టు కూర్చున్నాడు.

"చెయ్యి తియ్యరా. పుస్తకం అయ్యాకే" అన్నాడు పోలినాయుడు.

"వరాలక్క ఉన్నప్పుడు తింటూ మాటాడుకునేవాళ్ళం మావా."

"ఇప్పుడు నేనున్నాను. చెప్పు, సన్యాసమ్మ గురించి నీ అభిప్రాయం ఏంటి?"

సన్యాసమ్మ ఆ నవలలో నాయిక. దానియేలు అట్ట మీద బొమ్మ ఒక్కటే చూశాడు. అయినా తడుముకోలేదు.

"ఆవిడ మొగుణ్ణి వదిలేసి మంచి పని చేసింది."

"ఏటీ? వదిలేసిందా?" హైమావతి నిటారుగా కూర్చుంది. ఆమె చదివింది వెనక అట్ట. "అప్పల్రాజే కదా ఆవిణ్ణి ఉప్పుమడుల్లో వదిలేసి సముద్రం మీదకి పోయింది!"

"పోతే పోయినాడు. మనిషి మంచోడు. అట్ట మీద... అంటే, కథలో, నవ్వు ముఖం."

"నవ్వు ముఖం! నవ్వు ముఖం పెట్టుకునే పెళ్ళాన్ని ముంచేవాళ్ళని బోల్డుమందిని చూశాను. ఉప్పు మోసి మోసి ఆవిడ అరికాళ్ళు పగిలిపోతే వీడు పడవలో కూర్చుని నవ్వుతాడా?"

"పడవ నడపడం సుఖమనుకున్నావేటి? నేను రోజూ ధూళిలో బండి నడుపుతాను, నాకు తెలుసు. నాలుగు దిక్కులూ ఒకేలా ఉంటాయి. ఇంటి దీపం ఎటో తెలీదు. అప్పల్రాజు రాత్రంతా ఏడ్చుంటాడు."

"ఏడిస్తే ఏడవనీ. ఇంటికి రావాలిగా!"

కరీముల్లా మధ్యలో చెయ్యెత్తాడు. "నేను నిజం చెప్పేస్తాను నాయుడు గారూ. రెండు పేజీలే చదివాను. కానీ ఆ రెండు పేజీల్లో ముసలి అత్త ఒకావిడ ఉంది చూశారూ, గుమ్మంలో కూర్చుని ఆకు నములుతూ... అసలు దోషి ఆవిడే. నాకు అనుమానం లేదు."

"అత్తా?" అన్నారు మిగతా ఇద్దరూ ఒక్కసారే. ఇక ఆగింది లేదు. అత్త కొడుకుని రెచ్చగొట్టిందని కరీముల్లా, అత్త కూడా ఒకప్పటి కోడలేనని హైమావతి, అత్త వంట బాగా చేస్తుందని దానియేలు. అత్త ఏ వైపు గుమ్మంలో కూర్చుంటుందో, ఉప్పుగాలి ఎటునుంచి వీస్తుందో కూడా తగువే. నవ్వలేక హైమావతికి కళ్ళనీళ్ళు వచ్చాయి. కరీముల్లా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పోలినాయుడు గోడకి ఆనుకుని చూస్తున్నాడు. సన్యాసమ్మ మొగుణ్ణి వదలలేదు. అప్పల్రాజు ఏడవలేదు. అత్త మూడో అధ్యాయంలోనే చచ్చిపోయింది. ఆ పుస్తకాన్ని ఆ గదిలో చదివినవాడు తనొక్కడే. రెండుసార్లు చదివాడు.

"అయిందా?" అన్నాడు. "ఇక రండి."

మొదట దానియేలు తలకి వలయం తగిలించాడు. యంత్రం ఆడగొంతుతో నెమ్మదిగా పలికింది. "సన్యాసమ్మ. అప్పల్రాజు. ఉప్పుమడి..."

పచ్చదీపం.

పోలినాయుడు దీపాన్ని వేలితో తట్టి చూశాడు. పచ్చగానే ఉంది. వలయం ఊడబీకి హైమావతికి పెట్టాడు. ఆమెకి మరీ పచ్చగా వెలిగింది. చివరికి, రెండే పేజీలు చదివానని తన నోటితో ఒప్పుకున్న కరీముల్లాకీ పచ్చదీపమే.

"యంత్రం పాడైంది" అన్నాడు పోలినాయుడు.

"మరి నువ్వు పెట్టుకో అన్నయ్యా. పాడైందో లేదో తెలుస్తుంది" అంది హైమావతి.

పెట్టుకున్నాడు. కథంతా అతనికి కంఠతా వచ్చు. ఏ పేజీలో ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పగలడు. "సన్యాసమ్మ" అంది యంత్రం. "అప్పల్రాజు" అంది. "ఉప్పుమడి" అంది.

ఎదురుగా అద్దాల బీరువాలో తన నుదుటి మీద చిన్న ఎర్రచుక్క కనిపించింది అతనికి.

ఎవరూ నవ్వలేదు. దానియేలు కాసేపు ఆపుకున్నాడు, తర్వాత వాడివల్ల కాలేదు. "మావా, నుదుటి మీద బొట్టులా భలే ఉంది!"

కరీముల్లా దగ్గరికొచ్చి వలయాన్ని వంగి చూశాడు. "పాడవలేదు. మనం దీన్ని అడిగింది 'చదివావా' అని కాదు, 'తలలో ఊరు కట్టావా' అని. మేం చదవలేదు గానీ, ఇంతసేపూ ఆ ఊళ్ళోనే కొట్టుకున్నాం. మీరు ఎలా చదివారు నాయుడు గారూ?"

ఎలా చదివాడో అతనికి తెలుసు. వీళ్ళు ఎక్కడ దొరుకుతారా అని చదివాడు. పేజీ పేజీకీ ప్రశ్నలు తయారుచేసుకున్నాడు. పొలం గట్టున కాపలాకి కూర్చున్నవాడు పైరు చూడడు, దొంగలకోసమే చూస్తాడు.

"మీరు నాలుగు అబద్ధాలు ఆడుకుంటే అది చదవడమా?" అని అరిచాడు. "ఇది వరాలు పెట్టిన మండలి! దాని పరువు తీశారు మీరు! అది ఉన్నప్పుడు ఇలా చేశారా?"

ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. చెప్పాలా వద్దా అన్నట్టు. చివరికి హైమావతే అంది.

"అన్నయ్యా, వదిన ఏ పుస్తకం చివరిదాకా చదివింది?"

"ఏం?"

"ముప్పై నలభై పేజీలు చదివేది. మిగతాది పులిహోర కలుపుతూ తనే చెప్పేసేది. మేం కాదనేవాళ్ళం. అప్పుడు మార్చేది. ఒక నవల్లో నాయకుణ్ణి దానియేలు బతిమాలితే బతికించింది."

"రెండుసార్లు బతికించింది మావా" అన్నాడు దానియేలు.

ఇంట్లో వరాలు చదివే పుస్తకాల్లో మొదట్లోనే ఆగిపోయిన పేజీ గుర్తులు పోలినాయుడు చూడకపోలేదు. మిగతాది వేరే ప్రతిలో చదివుంటుందనుకున్నాడు. తను ఇంత కష్టపడి తయారుచేసిన యంత్రం వరాలు తల మీద పెడితే ఏ దీపం వెలుగుతుందో ఇప్పుడు అడగక్కర్లేదు. గది మొత్తం పచ్చగా వెలిగేది.

రూలు రూలే. పెట్టినవాడికైనా అంతే. తలమీది వలయం తీయడం కూడా మర్చిపోయి, కండువా భుజాన వేసుకుని తలుపు దగ్గరికి నడిచాడు. మీట నొక్కాడు. తలుపు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు.

వెనకనుంచి దానియేలు అన్నాడు. "ఫిల్టర్ల రోజు మావా. ఆ తలుపులు బిగించిన ఇంజినీరు ఎవడో గానీ, గట్టోడు. పొద్దుగూకేదాకా తెరుచుకోవు."

హైమావతి పడీపడీ నవ్వింది. కరీముల్లా తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. తలుపుకేసి తిరిగి నిలబడ్డ పోలినాయుడి మెడ మొదట ఎర్రబడింది. తర్వాత వీపు కదిలింది. అది నవ్వో దగ్గో వెనకనున్నవాళ్ళకి తెలియలేదు.

"వచ్చి కూర్చో అన్నయ్యా" అంది హైమావతి. "భోజనం లేదు, రూలు నువ్వే పెట్టావు. కానీ పుస్తకం చదివిన పుణ్యాత్ముడివి నువ్వొక్కడివే. కథ చెప్పు. అప్పుడు ఆలోచిస్తాం."

కూర్చున్నాడు. చెప్పాడు. మొదట్లో పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు. ఉప్పుమడి, సన్యాసమ్మ, పెళ్ళి, అత్త చావు.

"అత్త చచ్చిపోయిందా!" కరీముల్లా గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అయ్యో, ఇంతసేపూ ఆవిణ్ణి తిట్టాను."

"సన్యాసమ్మ ఎలా ఉంటుంది?" హైమావతి అడిగింది.

"రాయలేదు."

"నువ్వు చెప్పు. అప్పల్రాజు పడవలోంచి వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆవిడ ఎలా నిలబడుంది?"

"పుస్తకంలో లేదు అంటున్నానా!"

"లేనిదే అడుగుతున్నాం."

పోలినాయుడు కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గిన్నెలో పులిహోర వాసన వేస్తోంది. ఎక్కడో గోడల వెనక కొత్త ఫిల్టర్లలోకి గాలి హోరుమని దిగుతోంది.

"కొంగు నడుముకి దోపుకుని నిలబడుంటుంది" అన్నాడు మెల్లగా. "ఎడం చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని. ఎండకి. వెళ్ళొద్దని అనదు. సాయంత్రానికి వస్తావా అని మాత్రం అడుగుతుంది. ఈ వెధవ వినిపించుకోకుండా పోతాడు. పనుందని."

"ఆవిడకి కోపం రాదా?" దానియేలు అడిగాడు.

"రాదు. అదే కదా బాధ. నవ్వుతుంది. ముందు పన్ను మీద పన్ను ఉంటుంది దానికి, నవ్వితే కనిపిస్తుంది."

పన్ను మీద పన్ను ఎవరికి ఉండేదో ఆ గదిలో అందరికీ తెలుసు. తలమీదున్న యంత్రం తన పని తాను చేసుకుపోతూ "సన్యాసమ్మ" అని మరోసారి పలికింది.

బీరువా అద్దంలో పచ్చచుక్క వెలిగింది. పుస్తకం రెండుసార్లు చదివితే వెలగనిది, పుస్తకంలో లేని ముక్క ఒక్కటి చెప్పగానే వెలిగింది.

ముగ్గురూ చూశారు. హైమావతి విస్తరాకు వేసి, పోలినాయుడికే ముందు వడ్డించింది. గిన్నె మళ్ళీ ఒక పక్కకి ఒరిగింది. అతను తలమీది వలయం తీసి, అటూ ఇటూ చూసి, దాన్ని గిన్నె కింద పెట్టాడు. చక్కగా కుదిరింది.

"సన్యాసమ్మ" అంది యంత్రం గిన్నె కిందనుంచి. "అప్పల్రాజు. ఉప్పుమడి."

ఎర్రదీపం.

"చూశావా మావా, పులిహోర పుస్తకం చదవలేదు. రూలు ప్రకారం దీన్ని ఇక్కణ్ణించి పంపించెయ్యాలి" అన్నాడు దానియేలు.

"పంపించేద్దాం. ఆకు పట్టు" అన్నాడు పోలినాయుడు.