మే నెల మనవి

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు! నా డబ్బు ఇవాళే బయటికి తియ్యాలిరా ఫిలిప్పూ!"

గవర్నర్‌పేట సందులోని ఆ రెండు గదుల అద్దె పోర్షను శౌరయ్య అరుపులకి దద్దరిల్లిపోతోంది. కంకిపాడు నుంచి మొదటి బస్సుకే వచ్చేశాడు. ఫిలిప్ భార్య కృప ఇచ్చిన మజ్జిగ గ్లాసు ముట్టుకోకుండా కిటికీలో పెట్టేశాడు. వంటగది గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఫిలిప్ తల్లి అమలమ్మకి ఒళ్లంతా చెమటలు... అయ్యో దేవమాతా! తను భయపడినంతా జరుగుతోందే!

"కాస్త కూర్చోండి బాబాయ్," అన్నాడు ఫిలిప్ నెమ్మదిగా. "షేరు పడింది, నిజమే. పడ్డప్పుడు అమ్మితే పోయింది పోయినట్టే. రెండేళ్లు కదపొద్దని ముందే అనుకున్నాంగా?"

"రెండేళ్లకి ఆ కంపెనీ ఉంటే కదా! జనం ఫోనులో వెతకటం మానేశారంట! ఏదైనా ఆ ఏఐనే అడిగేస్తున్నారంట! అడిగితే చెప్పేది ఉండగా వెతుక్కునే ఖర్మ ఎవడికిరా?"

"మీకిదంతా ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, మీ అమ్మే! జపమాల ప్రార్థనకొచ్చిన వాళ్లందరి ముందూ చెప్పింది. మీ పిన్ని అక్కడే ఉంది. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు!"

ఫిలిప్ తల తిప్పి తల్లి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే అమలమ్మ ఓర్చుకునేదే...

భర్త సంజీవరావు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పనిచేస్తూనే కన్నుమూశాడు. క్వార్టరు ఖాళీ చేసి సామాను వ్యానుకెక్కించిన నాటి నుంచీ అమలమ్మకి ఒకటే కోరిక, తనని ఎవరూ ఖాళీ చెయ్యమనని ఇల్లు! అందుకే ఫిలిప్, తండ్రి పోయాక వచ్చిన డబ్బుని అమెరికాలో ఒక పెద్ద కంపెనీ షేర్లలో పెట్టాడు. ఎవరికి ఏం కావాలన్నా ఫోనులో వెతికిపెట్టే కంపెనీ అది. "నీ ఇంటికి పునాది ఇదేనమ్మా," అన్నాడు. అది విని మరిది శౌరయ్య కూడా, రోడ్డు వెడల్పులో పోయిన స్థలానికి వచ్చిన పరిహారం తెచ్చి, నాదీ అందులోనే పెట్టరా అని వాడి వెంటపడ్డాడు.

ఏడో తరగతితో చదువాగిపోయిన అమలమ్మకి షేర్ల సంగతి ఏం తెలుసు? సాయంత్రం లెక్కల ఆఫీసు నుంచి వచ్చి, పళ్లెం ముందు కూర్చుని కొడుకు చెప్పే కబుర్లే ఆమెకి లోకం. ఎవరికి జీతం పెరిగిందీ, ఎవరు ఎవరితో గొడవపడిందీ, అన్నీ చెప్పేవాడు. ఓసారి ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "అమ్మా, షేరు పడిపోతోంది. ఏఐ వచ్చాక వెతికే వాళ్లు తగ్గుతున్నారంటున్నారు. నాకూ భయంగానే ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, కృపక్కూడా..." అన్నాడు.

గాలికి తలుపు కొట్టుకున్నా గుండె పట్టుకునే మనిషికి తన భయం అప్పగించాడు, పిచ్చి తండ్రి!

మర్నాడు కోడలి ఫోను తీసుకుని ఏఐని, "నాకు మోకాలు ఎందుకు లాగుతోంది?" అని భయం భయంగా అడిగింది అమలమ్మ. ఫోను తెలుగులో ఎంతో ఓపిగ్గా జవాబు చెప్పింది. వాపుందా, మెట్లెక్కితే ఎక్కువవుతుందా అని తిరిగి అడిగింది కూడా! సొంత డాక్టరైనా అంత నిదానంగా అడగడు. ఒక్క క్షణం మురిసిపోయి, మరుక్షణం మంచం మీద కూలబడిపోయింది... ఇలా ఇదే చెప్పేస్తుంటే ఇంక వెతికేదెవరు? ఆయన కష్టార్జితమంతా మునిగిపోయినట్టే!

మే నెల మరియమాత నెల. సాయంత్రాలు ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో జపమాల. చివర్లో ఎవరి మనవి వాళ్లు పైకి చెప్పాలి. ఒకరు మోకాళ్ల నొప్పులన్నారు, ఒకరు పిల్లాడి పరీక్షలన్నారు. విడమర్చి చెబితేనే ఆ తల్లి వింటుందని అమలమ్మ నమ్మకం. అందుకే కంపెనీ, ఏఐ, ఫిలిప్ భయం, మరిది డబ్బు... కళ్లు మూసుకుని ఏదీ వదలకుండా చెప్పేసింది. "ప్రభువా, మా మొర ఆలకింపుము!" అన్నారంతా ఒక్క గొంతుతో. ఎంత తేలికపడిందో ఆ గుండె! ఆవేళ కంకిపాడు నుంచి జపమాలకని వచ్చి వెనక వరసలో కూర్చున్న తోటికోడలు శౌరమ్మ గొంతు మాత్రం లేవలేదని అమలమ్మ గమనించనే లేదు...

"నీకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నానే అమ్మా!" అన్నాడు ఫిలిప్.

"దేవుడికే చెప్పుకున్నానురా నాన్నా..."

"ఆయనకి చెప్పటానికి అంతమంది కావాలా?"

శౌరయ్య వినిపించుకునే స్థితిలో లేడు. "ఆ ప్రార్థనలు మీరూ మీరూ చూసుకోండి. నేనిచ్చిన దాంట్లో పైసా తగ్గినా ఒప్పుకోను!"

అప్పుడైనా అమలమ్మ ఊరుకుంటే బాగుండేది. వచ్చి కొడుకు చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. "ఇచ్చెయ్యరా! మనదీ తీసెయ్! నామీద ఒట్టు. నాకు ఇల్లూ వద్దు, ఏమీ వద్దు..."

అమెరికాలో షేర్ల మార్కెట్టు తెరిచేది మనకి సాయంత్రం. ఆవేళ అమలమ్మ పక్కింట్లో జపమాల చెప్పుకుంటుంటే, ఫిలిప్ ఇంట్లో ఒక్కడే కూర్చుని షేర్లన్నీ అమ్మేశాడు.

అక్టోబరొచ్చింది. ఆ కంపెనీ మునగలేదు! తనే ఒక ఏఐని తెచ్చుకుంది. వెతికితే చాలు, జవాబూ అదే చెప్పేస్తోంది. పడిన షేరు లేచి, ఫిలిప్ కొన్న ధర దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. శౌరయ్య మళ్లీ మొదటి బస్సుకే దిగాడు.

"కోపంలో నేనేదో అంటే, చదువుకున్నోడివి నువ్వు ఆపొద్దూ? నా నోటి దగ్గర కూడు తీశావు కదరా!"

ఫిలిప్ బాబాయికి కుర్చీ జరిపాడు. కృపే ఉండబట్టలేకపోయింది. "చిన్నమామయ్యగారూ! ఆవేళ మీ షేర్లకి వచ్చింది మీరిచ్చిన దాంట్లో సగమూ కాదు. మిగతాది మా మామయ్యగారి డబ్బులోంచి వేసి మీ చేతిలో పెట్టారీయన. అత్తయ్య ఇల్లు మీ జేబులో ఉందండీ!"

"కృపా!" అన్నాడు ఫిలిప్ కసురుతూ.

శౌరయ్య అమలమ్మ వైపు తిరిగాడు. "నాకు తెలియదే వదినా..." అని గొణిగాడు. ఈసారి మజ్జిగ మాత్రం తాగి వెళ్లాడు. తిరిగిస్తానన్న మాట అతని నోట రాలేదు.

అమలమ్మ ఏడుస్తూ కొడుకు భుజం పట్టుకుంది. "నాతో ఒక్క ముక్క అనలేదేంరా?"

"ఎందుకులేమ్మా," అన్నాడు వాడు. అంతే!

ఇప్పుడూ పళ్లెం ముందు కూర్చుంటాడు. కూర బాగుందంటాడు. "ఆఫీసులో ఎలా ఉందిరా?" అంటే, "బాగుందమ్మా." "ఒంట్లో?" "బాగుందమ్మా." ఇంతే మాటలు! నిన్న తలుపవతల కృపతో అంటున్నాడు, లెక్కల పని ఏఐతోనే చేయించుకుని ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తారట... అమలమ్మ వెళ్లి అడగాలని గడప దాకా నడిచింది. ఆమె గాజుల చప్పుడికి లోపల మాటలు టక్కున ఆగిపోయాయి!

అక్టోబరు కూడా జపమాల నెలే, ఈ సాయంత్రం వాళ్లింటి వంతు. చాప నిండా జనం. మనవులు ఒక్కొక్కటే అవుతున్నాయి. ప్రార్థన నడిపించే మాణిక్యం టీచరు ఇటు తిరిగింది. "మీ మనవి చెప్పండి అమలమ్మగారూ!"

పంచటానికి ఉడికించిన శనగల గిన్నెతో గుమ్మంలో నిలబడ్డ ఫిలిప్ తలెత్తి తల్లిని చూశాడు.

గొంతు దాకా వచ్చింది... వాడి ఉద్యోగం, వాడి మౌనం, అన్నీ!

"నాకేమీ లేదండీ," అంది అమలమ్మ. "పక్కవాళ్లది చెప్పనివ్వండి."

ప్రార్థన ముగిసింది. ఫిలిప్ వరసగా శనగలు పంచుకుంటూ తల్లి దగ్గరికొచ్చాడు. ఆమె దోసిలి పట్టింది. అందరికీ పెట్టినన్నే పెట్టి, పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయాడు.